ఇంటి పాటకు స్టేజీ యాంప్ పనికొస్తుందా?

1969లో అమెరికాలో జరిగిన ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో లక్షల మందికి పాట వినిపించినవి మెకింటాష్ ఎంసీ3500 వాల్వు యాంప్లిఫయర్లు. మెకింటాష్ అంటే అప్పుడూ ఇప్పుడూ ఇంటి హైఫైకి పెట్టింది పేరు. నీలి మీటర్లతో కలిగినవాళ్ల హాల్లో వెలిగే సరుకది. అయిదేళ్ల తర్వాత, 1974లో, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం గోడలా పేర్చిన స్పీకర్లను నడిపించినవీ ఆ కంపెనీ ఎంసీ2300లే. ఇటు చూస్తే, క్రౌన్ కంపెనీ 1967లో తెచ్చిన డీసీ-300 ఛానెల్‌కు 150 వాట్లిచ్చే ట్రాన్సిస్టర్ యాంప్. స్టూడియోల్లో, వేదికల మీద పేరు తెచ్చుకుని, అక్కడి నుంచి హైఫై పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలోకీ నడిచొచ్చింది. కెనడాకు చెందిన బ్రైస్టన్ అయితే స్టూడియోకీ ఇంటికీ ఒకే యాంప్‌ను అమ్ముతూ, ఇరవై ఏళ్ల వారంటీ ఇస్తూ బతికింది.

అంటే స్టేజీ యాంప్‌కీ ఇంటి యాంప్‌కీ మధ్య గట్టి గోడంటూ ఎప్పుడూ లేదు. అయినా యాంప్ కొనడానికి హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో నిలబడ్డ మనిషికి ఈ చరిత్ర పెద్దగా అక్కరకు రాదు. అతని ముందు రెండు పెట్టెలుంటాయి. ఒకటి అందమైన ముఖంతో, తక్కువ వాట్లతో, ఎక్కువ ధరతో ఉన్న ఇంటి యాంప్. రెండోది రాక్‌లో బిగించే చెవులతో, వెనక ఫ్యానుతో, అంతకంటే తక్కువ ధరకే మూడింతల వాట్లు రాసి ఉన్న ప్రో యాంప్. మేడ మీద గదిని హోమ్ థియేటర్‌గా మార్చుకుంటున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే తర్జనభర్జన. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ రెండింటి మధ్య తేడా నాదంలో వెతికితే దాదాపు దొరకదు. ఫ్యాను చప్పుడు, గెయిన్, ఎర్తింగ్, రిపేరు, ఈ నాలుగింటి దగ్గరే అసలు తేడా తేలుతుంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. మన దగ్గర 'ప్రొఫెషనల్' అనే మాట కింద మూడు రకాల యాంప్‌లు కలగాపులగంగా అమ్ముడవుతాయి. మొదటిది మైక్ సెట్టు యాంప్. 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ అహుజా పేరు తెలియని ఊరు మనకు లేదు. గుళ్లో సుప్రభాతం, ఎన్నికల ప్రచార జీపు, స్కూల్లో జెండా పండుగ అన్నీ దాని మీదే నడిచాయి. వీటిలో చాలా వాటికి 100 వోల్టుల లైను అవుట్‌పుట్ ఉంటుంది. వందల గజాల సన్న తీగ చివర ఉన్న హారన్లకు కూడా బలం తగ్గకుండా అందాలని చేసిన ఏర్పాటది. హారన్ వైపు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజిని దించుతుంది. ఆ లైనుకు ఇంటి స్పీకర్‌ను నేరుగా తగిలిస్తే కాయిల్ కాలిపోతుంది. పైగా ఇవి మాట స్పష్టంగా వినపడటానికి కట్టినవి. అడుగు బేస్, పై కొస రెండూ తగ్గి ఉంటాయి. ఊరేగింపులో మెప్పించింది కదా అని వీటిని హాల్లోకి తేవద్దు.

రెండోది డీజే యాంప్. వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు, పొద్దస్తమానం హోరుమనే ఫ్యాన్లు. మూడోది స్టూడియోలకూ సినిమా హాళ్లకూ ఆడిటోరియంలకూ కట్టే రకం: క్రౌన్, క్యూఎస్‌సీ, యమహా లాంటి కంపెనీల సరుకు. ఇంటి సంగీతానికి పోటీలో నిలబడేది ఈ మూడోదొక్కటే. ఇక మీదట ప్రో యాంప్ అన్నప్పుడల్లా దీన్నే ఉద్దేశిస్తున్నాను.

వాట్ల లెక్కకు వద్దాం. పెట్టెల మీద పీఎంపీవో అనే క్షణకాలపు గరిష్ఠ లెక్కలో వేలకు వేలు వాట్లు అచ్చేసి అమ్మిన కాలం మనకు గుర్తే. అమెరికాలో ఇలాంటి అంకెల గారడీకి అడ్డుకట్ట వేస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన తెచ్చింది. ప్రో యాంప్‌ల అంకెలు పీఎంపీవో అంత అబద్ధం కావు గానీ, ఇంటి యాంప్ అంకెతో పక్కపక్కన పెట్టి పోల్చదగినవీ కావు. ఇంటి యాంప్‌ను మంచి కంపెనీ 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా, చాలా తక్కువ డిస్టార్షన్‌తో కొలిచి రాస్తుంది. ప్రో యాంప్‌లలో చాలా వాటిని ఒక్క 1,000 హెర్ట్జ్ దగ్గర, అర శాతం దాకా డిస్టార్షన్‌ను ఒప్పుకుని కొలుస్తారు. అందుకే 300 వాట్లని రాసి ఉన్న ప్రో యాంప్ ఇంటి లెక్కలో ఇంకాస్త తక్కువే. అయినా ధరతో చూస్తే వాట్లు చవకే, అందులో వివాదం లేదు.

ఆ వాట్లు మనకు కావాలా అన్నదే ప్రశ్న. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న, అంటే ఒక్క వాటుకు మీటరు దూరంలో అంత శబ్దమిచ్చే, మామూలు స్పీకర్ల జత తీసుకోండి. మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే, గది గోడల సాయం కలుపుకుని, ఒక్క వాటుకే సుమారు 82 డెసిబెల్స్ వినిపిస్తుంది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకునే మాట 60, 65 దగ్గర ఉంటుంది. ఇంట్లో వాళ్లు విసుక్కోకుండా పాట వినే స్థాయి 72 అనుకుంటే, సగటున వాడేది వాటులో పదో వంతు. డోలు దెబ్బో, సినిమాలో పేలుడో వచ్చినప్పుడు సగటు మీద ఇంకో 20 డెసిబెల్స్ లేస్తుంది, దానికి వంద రెట్లు కావాలి. అప్పటికీ పది వాట్లే! ఘంటసాల పాత రికార్డులు వినేవారికి ఆ ఎగుడుదిగుడు ఇంకా తక్కువ. సినిమా హాలు ప్రమాణంలో, అంటే సగటు 85, శిఖరం 105 డెసిబెల్స్‌లో వినాలనుకునే వారికే రెండు మూడు వందల వాట్ల అవసరం మొదలవుతుంది. ఇంకో సంగతి: వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే పది రెట్లు కావాలి. వంద వాట్ల యాంప్ తీసేసి మూడొందల వాట్లది పెడితే వచ్చే లాభం అయిదు డెసిబెల్స్ లోపే. ఇద్దరు కూర్చుని పాట వినే గదిలో వెయ్యి వాట్ల యాంప్ పెట్టడం పెళ్లివంట గాడిపొయ్యి మీద రెండు కప్పుల కాఫీ కాచడమే.

మరి నాదం? స్టేజీ యాంప్ మోటుగా ఉంటుందని, ఇంటి యాంప్ మెత్తగా, తీయగా ఉంటుందని దుకాణాల్లో, హైఫై మిత్రుల మధ్య ఒక నమ్మకం పాతుకుపోయింది. దీని మీద పరీక్షలు జరక్కపోలేదు. 1987 జనవరిలో అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ చవక పయొనీర్ నుంచి వేల డాలర్ల వాల్వు యాంప్ దాకా వరసగా పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించింది. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వాళ్లు నమ్మకంగా విడదీయలేకపోయారు. అంతకు రెండేళ్ల ముందు, 1985లో, బాబ్ కార్వర్ అనే యాంప్‌ల రూపకర్త స్టీరియోఫైల్ పత్రిక వారితో పందెం కాశాడు. మీరు మెచ్చిన ఖరీదైన యాంప్ ఎలా మోగుతుందో నా చవక యాంప్‌నూ అలాగే మోగేలా చేస్తానని, రెండింటి అవుట్‌పుట్ మధ్య తేడాను కొలుస్తూ సర్దుకుంటూ పోయాడు. చివరికి పత్రిక వాళ్లు తమ చెవులకు తేడా చిక్కడం లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఈ పరీక్షలతో వాదన ముగిసిపోలేదు, ముగియదు కూడా. శబ్దస్థాయిని డెసిబెల్‌లో పదో వంతు దాకా సమం చేసి, యాంప్‌ను దాని శక్తి హద్దు దాటనీయకుండా, మరీ మొండి స్పీకర్ తగిలించకుండా వింటేనే ఈ ఫలితం. దుకాణంలో ఇవేవీ చేయరు. ఇంటి థియేటర్ యాంప్‌లకు టీహెచ్ఎక్స్ సంస్థ గెయిన్‌కు, అంటే సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నదానికి, పెట్టిన ప్రమాణం 29 డెసిబెల్స్. ప్రో యాంప్‌లలో 32 మామూలు. వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా ఒకదాన్ని తీసి ఇంకోటి తగిలిస్తే రెండోది 3 డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. గట్టిగా మోగినదాన్నే చెవి 'బాగుంది, ప్రాణముంది' అంటుంది. ప్రో యాంప్‌కు 'పంచ్' ఉందన్న పేరులో కొంత భాగం ఈ మూడు డెసిబెల్స్‌దేనని నా నమ్మకం.

ఆ గెయినే ఇంట్లో చిక్కు కూడా తెస్తుంది. స్టూడియో సామాను +4 డీబీయూ, అంటే 1.23 వోల్టుల లైను మీద నడుస్తుంది. పాత ఇంటి సామాను లైను 0.316 వోల్టులు. అందుకే ఒకప్పుడు ఇంటి టేప్ డెక్కును ప్రో యాంప్‌కు తగిలిస్తే నీరసంగా మోగేది. ఇప్పటి డాక్‌లు రెండు వోల్టులు ఇస్తున్నాయి, హోమ్ థియేటర్ రిసీవర్ల ప్రీ-అవుట్లూ వోల్టుకు తక్కువ కాకుండా ఇస్తాయి కాబట్టి ఆ బెడద చాలావరకు పోయింది. వచ్చిందల్లా 'స్స్' మనే బుస. క్రౌన్ ఎక్స్ఎల్ఎస్ 1502 ఛానెల్‌కు 8 ఓమ్ల మీద 300 వాట్లిస్తుంది, దాని సెన్సిటివిటీని, అంటే పూర్తి బలానికి కావాల్సిన ఇన్‌పుట్ వోల్టేజిని, 1.4 వోల్టులకో 0.775 వోల్టులకో మార్చుకోవచ్చు. 0.775 దగ్గర పెడితే గెయిన్ 36 డెసిబెల్స్ అవుతుంది. రిసీవర్‌లోని సన్నని రొదను కూడా అది అంతే శ్రద్ధగా పెంచి వినిపిస్తుంది. 1.4 దగ్గరే ఉంచండి, ముందున్న నాబ్‌లను కాస్త తిప్పి తగ్గించండి. ఆ నాబ్ లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గిస్తుందే తప్ప యాంప్ బలాన్ని కోసేయదు.

యాంప్ సొంత రొద సంగతి అంకెతో తేల్చవచ్చు. 300 వాట్ల యాంప్‌కు సిగ్నల్, రొదల నిష్పత్తి 103 డెసిబెల్స్ అనుకుంటే, స్పీకర్ దాకా వచ్చే రొద వోల్టులో మూడువేలవ వంతు. 88 డెసిబెల్స్ స్పీకర్‌లో అది మీటరు దూరంలో 10 డెసిబెల్స్. ఏ చెవికీ వినపడదు. అదే యాంప్‌ను 105 డెసిబెల్స్ హారన్ స్పీకర్‌కు తగిలిస్తే 27 డెసిబెల్స్, రాత్రిపూట స్పష్టంగా వినపడుతుంది. హారన్ స్పీకర్లున్నవాళ్లు ఈ ఒక్క కారణానికే ప్రో యాంప్ జోలికి పోకపోవడం మేలు.

ఇక ఫ్యాను. నా దృష్టిలో ఇంట్లో ప్రో యాంప్‌కు అసలు శత్రువు ఇదే. మంచి ప్రో యాంప్‌లలో ఫ్యాను వేడిని బట్టి తిరుగుతుంది, నెమ్మదిగా వింటే దాదాపు నిద్రపోతుంది. కానీ మన మే నెల గది మార్చిలో ఉన్నట్టు ఉండదు. రామగుండంలో, రెంటచింతలలో బయట 45 డిగ్రీలు దాటిన రోజు, ఏసీ ఇంకా వేయని గదిలో, స్విచ్చి నొక్కిన కాసేపటికే ఫ్యాను లేస్తుంది. సినిమా అయితే పట్టదు గానీ వీణ మీద ఆలాపన వింటుంటే పట్టి తీరుతుంది. ఫ్యానుతో పాటు దుమ్ము లోపలికి పోతుంది. ఇంటి యాంప్ హీట్‌సింకును గుడ్డతో తుడిస్తే సరి, ప్రో యాంప్‌ను ఏడాదికోసారైనా విప్పించి ఊదించాలి. విశాఖ, కాకినాడ తీరాన ఉన్నవాళ్లకు దుమ్ముతో పాటు ఉప్పుగాలి అదనం. ఫ్యాను తీసేసి కంప్యూటర్‌లోని నిశ్శబ్దపు ఫ్యాను వేయించుకునేవాళ్లున్నారు. తక్కువ శబ్దంతో వింటున్నంత కాలం అది నడుస్తుంది. వారంటీ మాత్రం ఆ రోజే పోతుంది, పండగనాడు గట్టిగా పెట్టినప్పుడు యాంప్ కూడా పోవచ్చు. అంతకంటే యాంప్‌ను పక్క గదిలోనో, గాలి ఆడే అల్మరాలోనో పెట్టి స్పీకర్ తీగ పొడిగించుకోవడం తెలివైన పని. ఇంటి వైరింగ్‌కు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయిదు మీటర్లు లాగితే, పోను రాను కలిపి 0.07 ఓమ్. దానివల్ల నష్టమేమీ లేదు. డ్యాంపింగ్ ఫ్యాక్టర్, అంటే స్పీకర్ ఓమ్లకూ దాని వెనకున్న నిరోధానికీ నిష్పత్తి, 500 అని, 1000 అని ఊరించే ప్రకటనల బలమూ ఈ లెక్కతోనే తేలిపోతుంది: 8 ఓమ్ల స్పీకర్‌కు తీగ ఒక్కటే దాన్ని 114కు దించేస్తుంది.

ఫ్యాను తర్వాత హమ్. ఇది పూర్తిగా మన ఇళ్ల సమస్య కాబట్టి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఇంటి యాంప్‌లు చాలావరకు రెండు పిన్నుల ప్లగ్గుతో, ఎర్త్ అవసరం లేని డబుల్ ఇన్సులేషన్‌తో వస్తాయి. ప్రో యాంప్ ఇనుప డబ్బా ఎర్త్‌కు కలిసే ఉంటుంది, మూడు పిన్నులు తప్పవు. దానికి తగిలించిన టీవీకో కంప్యూటర్‌కో ఇంకో దారిలో ఎర్త్ ఉంటే, కేబుల్ వాడి తీగ రూపంలో ఉన్నా సరే, రెండు ఎర్త్‌ల మధ్య చక్రం ఏర్పడి 50 హెర్ట్జ్ 'బూఁ' మొదలవుతుంది. దీనికి మన మెకానిక్కులు ఠక్కున చెప్పే మందు ఎర్త్ పిన్ను తీసేయడం. ప్రాణం మీదికొచ్చే పని అది. లోపల ఫేజ్ తీగ ఊడి డబ్బాకు తగిలిన రోజు ముట్టుకున్నవాడి గతి ఏమిటి?

సరైన మందులు వేరే ఉన్నాయి. అన్ని పరికరాలనూ ఒకే సాకెట్ నుంచి నడపడం మొదటిది. రెండోది తీగ కట్టే పద్ధతి. ప్రో యాంప్‌కు బ్యాలెన్స్‌డ్ ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్ ఉంటుంది: ఒకటో పిన్ను ఎర్త్, రెండోది సిగ్నల్, మూడోది దాని తిరుగు జత. ఆర్‌సీఏ ఉన్న రిసీవర్ నుంచి తీగ కట్టేటప్పుడు మామూలు షీల్డు తీగ కాకుండా, లోపల రెండు తీగలూ పైన షీల్డూ ఉన్న మైక్ తీగ తీసుకోవాలి. ఆర్‌సీఏ మధ్య సూది రెండో పిన్నుకు, ఆర్‌సీఏ అంచు మూడో పిన్నుకు, షీల్డు ఒక కొసన ఒకటో పిన్నుకు, ఇంకో కొసన ఆర్‌సీఏ అంచుకే. ఇలా కడితే ఎర్త్‌లో పారే కరెంటు షీల్డు దారిన పోతుంది, సిగ్నల్‌లో కలవదు. చాలాసార్లు హమ్ ఇక్కడే ఆగుతుంది. ఆగకపోతే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఇంట్లో అసలు ఎర్తే లేదన్నది ఇంకో తలనొప్పి. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటే అర్థం అదే. ఆ స్థితిలో ప్రో యాంప్ కొనకండి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కరెంటు గురించి మరో రెండు మాటలు. పెద్ద టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ స్విచ్చి వేయగానే ఒక్క క్షణం లాగే కరెంటుకు ఎంసీబీ పడిపోవచ్చు. దానికి 16 ఆంపియర్ల లైను విడిగా ఉండాలి, ఇన్వర్టర్ లైను మీద అస్సలు పెట్టకూడదు. క్లాస్ ఏబీ అనే మామూలు పద్ధతిలో నడిచే పాత ప్రో యాంప్‌ పాట లేకపోయినా 60 వాట్ల వరకు తాగుతూ కూర్చోవచ్చు. రాత్రింబగళ్లు అలా వదిలేస్తే నెలకు 43 యూనిట్లు. ఇంటి యాంప్‌కు రిసీవర్‌తో పాటు తనంతట తానే ఆరిపోయే 12 వోల్టుల ట్రిగ్గర్ చాలావరకు ఉంటుంది. ప్రో యాంప్‌లలో అది అరుదు. అమెరికాలో ఉన్న పిల్లలు తిరిగొస్తూ యాంప్ తెస్తామంటే, వెనక 120 వోల్టులని మాత్రమే రాసి ఉందో, 230కి కూడా పనికొస్తుందో ఫోటో తీసి పంపమనండి.

ప్రో యాంప్ తిరుగులేకుండా గెలిచే చోటు సబ్‌వూఫర్. లోతైన బేస్‌కు ఒక్కో ఆక్టేవ్ దిగినప్పుడల్లా కోన్ నాలుగింతలు కదలాలి. గదిలో చచ్చుపడ్డ బేస్‌ను ఈక్వలైజర్‌తో 6 డెసిబెల్స్ లేపితే వాట్లు నాలుగింతలు కావాలి. ఇక్కడ వెయ్యి వాట్లు వృథా కావు. బుస బాధ కూడా లేదు, ఎందుకంటే సబ్‌వూఫర్ ఆ ఎత్తు శబ్దాన్ని పలకనే పలకదు. ప్రో యాంప్‌లో క్రాసోవర్, లిమిటర్ తరచూ లోపలే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: రెండు ఛానెళ్లను బ్రిడ్జి చేసి, అంటే ఒక్కటిగా కలిపి, 4 ఓమ్ల సబ్‌కు తగిలిస్తే ఒక్కో ఛానెల్ మోసేది 2 ఓమ్ల బరువు. యాంప్ దానికి ఒప్పుకుంటుందో లేదో పుస్తకంలో చూసుకోవాలి.

ఈ రెండు దారుల మధ్య మూడోది తెరుచుకుని చాలా ఏళ్లయింది: ట్రాన్సిస్టర్లను వేగంగా స్విచ్చి చేస్తూ తక్కువ వేడితో నడిచే క్లాస్ డీ. నెదర్లాండ్స్ కంపెనీ హైపెక్స్, డెన్మార్క్ కంపెనీలు ఐస్‌పవర్, ప్యూరిఫై చేసే మాడ్యూళ్లు ఫ్యాను లేకుండానే వందల వాట్లిస్తాయి. స్టూడియో మానిటర్లలోనూ ఖరీదైన ఇంటి యాంప్‌లలోనూ ఇవాళ కూర్చున్నవి ఇలాంటివే. అందుకే పాత వాదన సగం కాలం చెల్లింది. పాత రకం చవక క్లాస్ డీలలో స్పీకర్ ఇంపీడెన్సును బట్టి పై శబ్దాలు కాస్త పెరిగేవి, తగ్గేవి. అవుట్‌పుట్ ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే కొత్త రకాల్లో ఆ లోపం లేదు. అరచేతిలో పట్టే చైనా పెట్టెలు కూడా ఈ కుటుంబమే. వాటిలో ఉండే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీపీఏ3255 చిప్‌కు 315 వాట్లని రాసి ఉంటుంది. ఆ అంకె 4 ఓమ్ల మీద, 10 శాతం డిస్టార్షన్ దగ్గరిది. 8 ఓమ్ల మీద శుభ్రంగా వచ్చేది అందులో చిన్న భాగమే అయినా, పైన వేసుకున్న లెక్క ప్రకారం చాలా ఇళ్లకు అదే చాలు.

రిపేరు సంగతి ఎవరూ కొనేటప్పుడు అడగరు. క్లాస్ ఏబీ యాంప్‌లో 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత పోతే గుంటూరులోనైనా కరీంనగర్‌లోనైనా మార్చే మెకానిక్ దొరుకుతాడు. నకిలీవి వేయకుండా చూసుకోవడమే మన పని. క్లాస్ డీ బోర్డు పోతే బోర్డు మొత్తం మార్చాల్సిందే. అది ప్రో యాంప్‌దైనా ఇంటి యాంప్‌దైనా, కంపెనీ సర్వీస్ మన ఊళ్లో లేకపోతే నెలల ఎదురుచూపే. బిల్లు లేకుండా తెచ్చిన దిగుమతి సరుకుకు ఆ ఆశ కూడా ఉండదు.

ఇక తీర్పు. ఉన్న గదిలోనే యాంప్ పెట్టుకుని, రెండు స్పీకర్లతో సంగీతం వినేవారు ఇంటి యాంప్ గానీ ఫ్యాను లేని క్లాస్ డీ గానీ కొనుక్కోవాలి. ప్రో యాంప్ వల్ల వారికి ఒరిగేదేమీ లేదు. విడిగా థియేటర్ గది, పరికరాలకు వేరే అల్మరా, 16 ఆంపియర్ల లైను, గట్టి ఎర్త్ ఉన్నవారు సబ్‌వూఫర్లకు కళ్లు మూసుకుని ప్రో యాంప్ తీసుకోవచ్చు. సెన్సిటివిటీ తక్కువున్న పెద్ద ముందు స్పీకర్లుంటే వాటికీ తీసుకోవచ్చు. మంచి రిసీవర్ ఇప్పటికే ఉండి, వాల్యూమ్ సగం కూడా దాటనివారు ఏదీ కొననక్కర్లేదు. ఆ డబ్బు స్పీకర్ల మీదా, గదికి పరదాల మీదా, తివాచీ మీదా పెడితే తేడా మొదటి పాటలోనే వినపడుతుంది.